పైగది పిల్ల దవడ నొప్పి

నాకు పైపళ్లు పోయిన ఏడాదే మా పైగదిలోకి ఇథియోపియా పిల్ల అద్దెకు వచ్చింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలిసిన రోజున ఒక దవాఖాన గదిలో, పక్కనే కుర్చీ ఉన్నా కూర్చోబుద్ధి కాక, గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ముందు నా సంగతి చెప్పాలి. వరంగల్ నుంచి హన్మకొండ పోయే బస్సులు ఆగే చోట, మా గల్లీ చివరింట్లో నేను పిండివంటలు చేసి అమ్ముతాను. బోర్డు లేదు, వాసనే బోర్డు. పెళ్లిళ్లకు, సీమంతాలకు, పై దేశాలకు పోయేవాళ్ల సూట్‌కేసులకు సకినాలు, గరిజెలు, అరిసెలు చేసి ఇస్తాను. అందులో నాకు పేరు తెచ్చింది సకినమే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లబట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ గుండ్రంగా చుట్లు చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేస్తాం. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. బాగా వేగిందో లేదో రంగు చెప్పదు, రుచి కూడా పూర్తిగా చెప్పదు. చప్పుడు చెబుతుంది. కొరికితే కర్రుమని ఒక్కసారే విరగాలి. మెత్తగా తుస్సుమంటే ఇంకా వేగాలని, టక్కుమని రాయిలా పలికితే పొయ్యి తగ్గించాలని అర్థం. అందుకని ప్రతి వాయిలోంచీ ఒకటి తీసి, చల్లార్చి, కొరికి వింటాను. ముప్పై ఏళ్లు నా పళ్లతోనే విన్నాను.

తర్వాత ఆ పళ్లు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను గానీ వాటితో సకినం కొరికితే, సకినం నిలబడి పళ్లే ఊడి వస్తున్నాయి. పిల్లలిద్దరూ దగ్గర లేరు, మా ఆయనను కొరకమన్నాను. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏది ఇచ్చినా ముందుకు జరుపుకుంటూ పోవడం ఆయన అలవాటు. మాడిందిచ్చినా, పచ్చిదిచ్చినా "మస్తుగున్నది, ఇంకోటియ్యి" అనేవాడు. ఆయన తిండికి పనికొస్తాడు గానీ పరీక్షకు పనికిరాడని రెండో రోజే తేలిపోయింది.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల వచ్చింది. యూనివర్సిటీలో మిరపకాయల మీద రీసెర్చి. ఎండబెట్టిన మిర్చికి బూజు ఎందుకు పడుతుంది, పడకుండా ఏం చేయాలి అనేది ఆమె చదువు. వారానికోసారి ఎనుమాముల మార్కెట్‌కు పోయి, రైతులను బతిమాలి గుప్పెడు గుప్పెడు మిర్చి సంచుల్లో తెచ్చుకునేది. ఆమె మెట్లెక్కి పోతుంటే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. విదేశీ పిల్ల మన కారం ఎలా తింటుందోనని మొదటిరోజు నేను పెరుగన్నం కలిపి పెట్టాను. పక్కనున్న పండుమిర్చి తొక్కు అన్నంలో కలుపుకుని తిని, "ఇందులో కారం ఎప్పుడు వేస్తారు ఆంటీ?" అని సగం ఇంగ్లీషులో, సగం సైగలతో అడిగింది. అప్పటినుంచి ఆమె మా ఇంటి మనిషి అనే అనుకున్నాను. అలా అనుకోవడంలో ఉన్న తప్పు గురించి తర్వాత చెబుతాను.

ఒక పొద్దున వాయి దింపుతుంటే వాసనకు కిందికి వచ్చింది. చేతిలో ఒక సకినం పెట్టాను. కొరికింది. పొయ్యి ముందు కూర్చున్నదాన్ని ఒక్కసారి తల తిప్పి చూశాను. ఏం చప్పుడండీ అది! పళ్లు తెల్లగా, వరుసగా, గట్టిగా ఉన్నాయి. సకినం ఎలా వేగిందో నాకు పూసగుచ్చినట్టు తెలిసిపోయింది.

"మళ్లొకటి కొరుకు బిడ్డా, జర నా దిక్కు జరిగి కూసో" అన్నాను.

ఆ రోజునుంచి అదే పద్ధతి. నా ఎడమ చెవి బాగా వింటుంది కాబట్టి నాకు ఎడమపక్క పీట వేసి కూర్చోబెట్టేదాన్ని. "కుడిపక్క పళ్లతోటి కొరుకు, నాకు వినవడాలె" అనేదాన్ని. వాయికో సకినం. పెళ్లి ఆర్డరుంటే ఇరవై వాయిలు. ఆమె నవ్వుకుంటూ కొరికేది, నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. గల్లీలో వాళ్లకు "మా క్వాలిటీ ఇంజనీరు" అని పరిచయం చేసేదాన్ని. ఆ పీట మీద కూర్చునే తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగులో సగం మా మాటలు, సగం పొయ్యి ముందు మాటలు.

ఇంకోటి కూడా ఉంది. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని తిండి మరిచిపోతే, నేను పైకి పోయి అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టేదాన్ని. మొదటిసారి పెట్టినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల ఊళ్లో కూడా ఇలా ఎదుటివాళ్ల నోట్లో చేత్తో ముద్ద పెడతారట. ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత ఎక్కువ అట. ఈ మాట విన్నాక నేనూరుకుంటానా? మరుసటి రోజునుంచి ముద్ద సైజు పెంచాను. పాపం, ఆమె నోరు అంతంత తెరిచి తీసుకునేది. నాకు మాత్రం ఎక్కడో పుట్టిన పిల్ల నా చేతిముద్దకు నోరు తెరుస్తోందని మురిపెం.

వాళ్ల పద్ధతిలో ఇంకో సగం ఉందని మాత్రం ఆమె చెప్పలేదు. పెద్దవాళ్లు పెట్టే ముద్దను వద్దనకూడదు. వద్దంటే వాళ్ల ప్రేమనే వద్దన్నట్టు.

రెండో ఏడాది చివర్లో ఆమె చదువు ఆఖరికి వచ్చింది. వైవా తారీఖు పడింది. హాల్లో అందరి ముందూ నిలబడి, తాను చేసిందంతా గంటసేపు చెప్పి, బయటి రాష్ట్రంనుంచి వచ్చే పెద్ద ప్రొఫెసర్ అడిగినవాటికి జవాబులివ్వాలి. ఆ నెలాఖరుకు వాళ్ల ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పూ అయిపోతుంది, వీసా కూడా అయిపోతుంది. తారీఖు తప్పితే మళ్లీ ఎప్పుడో తెలియదు, అందాకా ఇక్కడ ఉండే వీల్లేదు. అంటే పట్టా లేకుండా వెళ్లిపోవాలి. అక్కడ కాలేజీలో ఆమెకోసం ఉద్యోగం ఆపి ఉంచారు, అది కూడా పట్టా చూపిస్తేనే.

సరిగ్గా వైవాకు మూడు వారాలుందనగా, ఒక పొద్దున ఆమె చెంప పట్టుకుని మెట్లు దిగింది.

"ఆంటీ, నోరు తెరుస్తలేదు" అంది, పళ్ల సందులోంచి.

నవ్వుతోందేమో అనుకున్నాను. లేదు. ఎంత తెరిచినా రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. చెవి ముందు, చెంప పైన నొప్పి. ఆవులిస్తే కళ్లు తిరిగేంత నొప్పి. చాలా రోజులనుంచి కొంచెం కొంచెంగా ఉందట, ఆ పొద్దున పట్టేసిందట. గంటసేపు మాట్లాడాల్సిన పిల్ల నాలుగు మాటలకు చెంప పట్టుకుంటోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆడకపోయినా ఊరుకునే రకం కాదు నేను. ముందు దిష్టి తీశాను. పైగదిలో కిటికీ దగ్గర ఆరబెట్టిన ఎండుమిరపకాయలు మూడు తీసుకుని, ఉప్పుతో కలిపి, ఆమె చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు రానేలేదు, చూశారా ఎంత దిష్టో అని గల్లీ అంతా చెప్పాను. ఆమె మాత్రం పొయ్యి వంక దిగులుగా చూసింది. ఆ మూడింటికీ నంబర్లున్నాయట. నాలుగు నెలలనుంచి బూజు పట్టకుండా కాపాడుకుంటున్న మిరపకాయలట. కారం తక్కువ రకమట.

మా ఆయన అందుకున్నాడు. "దిష్టి పోయిందో లేదో గని, పిల్ల రీసెర్చి మాత్రం పొగైంది."

మధ్యాహ్నానికి చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను, నొప్పి చెవి పక్కనే కదా అని. పరాయి దేశంలో జ్వరమొస్తే మాత్రలన్నా అడిగి కొనుక్కోవచ్చు. ఇలాంటి వింత నొప్పికి ఏ డాక్టరుంటాడో, ఏమని అడగాలో ఆమెకు తెలియదు. నాకూ తెలియదనుకోండి, కానీ నేను ఒప్పుకోలేదు. డాక్టరు ఆమెను ఏం అడిగినా నేనే జవాబు చెప్పాను. ఎప్పటినుంచి, ఎలా ఉంటుంది, రాత్రి నిద్ర పడుతోందా, అన్నీ నేనే. ఆయన చివరికి పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, చెవి మీది కాదు కదా, ఆమెను చెప్పనియ్యండి" అన్నాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయి, పళ్ల డాక్టరుకు చూపించమన్నాడు.

పళ్ల డాక్టరు నోరు తెరిచినంతవరకు టార్చి వేసి చూశాడు. ఇంత మంచి పళ్లు ఈ మధ్య చూడలేదన్నాడు. నేనే కన్నట్టు గర్వపడ్డాను. నొప్పికి మాత్రలు రాసి, తగ్గకపోతే చివరి దవడ పన్ను తీసి చూద్దామన్నాడు. తీసి చూడ్డమేమిటో నాకు అర్థం కాలేదు. బయటికి రాగానే ఆమె నా కొంగు పట్టుకుంది. పన్ను తీస్తే వాచిపోతుంది, వాస్తే మాట్లాడలేదు, మాట్లాడకపోతే అన్నీ పోతాయి. ఇదంతా నోటితో చెప్పలేక ఫోన్‌లో తెలుగులో రాసి చూపించింది. చివర్లో రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. టికెట్ ముందుకు జరుపుకుని వెళ్లిపోనా ఆంటీ, అని.

"నోర్మూసుకో" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

మాత్రలకు నొప్పి కొంచెం తగ్గేది, మళ్లీ వచ్చేది. నాలుగో రోజున మా ఆయన ఎనుమాముల దారిలో ఉండే పహిల్వాన్ దగ్గరికి పోదామన్నాడు. ఎముకలు సరిచేసి కట్టు కట్టే పెద్దాయన. మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు భుజాలు పట్టేస్తే ఆయన దగ్గరికే పోతారు. ఆ పెద్దాయన పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చెవుల ముందూ రెండు వేళ్లు ఆనించి, "జర తెరువు బేటీ, జర ముయ్యి" అన్నాడు. రెండుసార్లు చూసి వేళ్లు తీసేశాడు.

"నేను ముట్ట" అన్నాడు.

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఏంది భాయ్, అందరికీ చేస్తవ్, మా పిల్లకు చెయ్యవా?"

"భుజమైతే పడతా, మోకాలైతే పడతా. ఇది దవడ కీలు. లోపల జరుగుతాంది. జోర్ చేస్తే నోరు తెర్సింది తెర్సినట్టే ఉండిపోతది. దవడ ఎముకలకు వేరే డాక్టర్లుంటరు, పళ్ల దవాఖానల అడుగుండ్రి. ఫికర్ చెయ్యకు బేటీ, గిది నయమయ్యేదే" అని, ఆమెకు ఒక గ్లాసు చాయ్ ఇప్పించి పంపాడు. అప్పటిదాకా మేం కలిసినవాళ్లందరిలో సరైన దారి చూపించింది, చెయ్యి వేయనన్న ఆ పెద్దమనిషే.

ఆ డాక్టరు రెండు రోజుల తర్వాత గానీ దొరకలేదు. ఈ మధ్యలో జరిగింది చెప్పకుండా దాటేయాలని ఉంది, కానీ చెప్పాలి. ఒక పెళ్లి ఆర్డరు వచ్చి పడింది. మొదటి వాయి దింపాను. చెవికి ఏమీ తెలియడం లేదు. పిల్ల వచ్చి మామూలుగా పీట మీద కూర్చుంది, తోడుగా ఉందామని. నేను చెయ్యి చాపాను.

"ఒక్కటే బిడ్డా. చిన్నది. ఒక్కసారి కొరికి చెప్పు."

కొరికింది. కర్రుమంది. ఆమె కళ్లలోంచి నీళ్లు జారాయి. నొప్పితో అల్లాడుతున్న పిల్ల కదా, పరీక్ష గుర్తొచ్చి ఏడుస్తోంది అనుకున్నాను. తల నిమిరాను. నిమిరి, రెండో వాయిలోంచి ఇంకొకటి ఇచ్చాను.

దవడ ఎముకల డాక్టరు చిన్నవయసు అమ్మాయి, మా ఊరి యాసే. ఒక చిన్న స్కేలు పెట్టి నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచింది. చెంప మీద, మెడ మీద నొక్కి చూసింది. "గట్టి వస్తువులేమైనా తింటావా? చెరుకు, మక్కకంకులు, పల్లీ పట్టి?" అని అడిగింది.

"లేదు డాక్టర్, అన్నీ మెత్తగున్నయే తింట" అంది పిల్ల. నా వంక చూడకుండా అంది.

నేను కూడా తలూపాను. నిజంగానే నాకు తట్టలేదు. సకినం గట్టిదేమిటి? మా ఇంట్లో సకినం అంటే గాలి లాంటిది, నీళ్ల లాంటిది. దాన్ని ఎవరైనా తిండి కింద లెక్కేస్తారా?

డాక్టరమ్మ స్టెతస్కోపు ఆమె చెవి ముందు పెట్టి, తెరిచి మూయమంది. విని, నా వైపు చూసి, "మీరూ వింటారా అమ్మా? తెలిస్తే జాగ్రత్తగా చూసుకుంటరు" అని గొట్టాలు నా చెవుల్లో పెట్టింది.

పిల్ల నోరు మెల్లగా తెరిచింది. మొదట టిక్కుమంది. తర్వాత వచ్చింది చప్పుడు. కర్... కర్... అని, సన్నగా, లోపలినుంచి. ముప్పై ఏళ్లుగా నేను చెవి ఒగ్గి వింటున్న చప్పుడు. నోట్లో ఏమీ లేదు. ఆ పిల్ల ఎముక అలా చప్పుడు చేస్తోంది.

"ఎందుకైతది ఇట్ల?" అని అడిగాను.

"చాలా కారణాలుంటయి. పరీక్షల టెన్షన్‌తోటి పళ్లు బిగవట్టడం ఒకటి, అది ఉన్నట్టే ఉంది. ఊకె నోరు పెద్దగ తెర్సుడు ఇంకోటి. కానీ ఈమెకు కుడిపక్కనే బాగా అరిగింది. ఆ పక్కతోటి రోజూ ఏదో గట్టిది కొరుకుతున్నట్టుంది. అదే అర్థమైత లేదు" అంది డాక్టరమ్మ.

గోడకు ఆనుకున్నది అప్పుడే. కుడిపక్క కొరుకు, నాకు వినవడాలె. రెండేళ్లు.

"మేడం, ఆమె అబద్ధం చెప్తాంది" అన్నాను. "ఆమె దవడను అరగదీసింది నేనే. వాయికో సకినం కొరికిపిచ్చిన. నాకు పళ్లు లేవని ఆమె పళ్లు వాడుకున్న. నోరు పెద్దగ తెరిపిచ్చింది కూడ నేనే. గింతంత ముద్దలు పెట్టిన." రెండు చేతులతో సైజు చూపించాను. దొంగతనం ఒప్పుకున్నవాళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఇంతకన్నా తేలిగ్గానే ఉంటుందనుకుంటాను.

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టేబుల్ పట్టుకుని నవ్వింది. నవ్వి, వెంటనే మొహం గంభీరంగా పెట్టి నన్ను తిట్టింది. పిల్ల కుర్చీలోంచి లేచి, "ఆంటీని ఏం అనొద్దు డాక్టర్, ప్లీజ్" అని నాకు అడ్డం నిలబడింది. పళ్ల సందులోంచి వచ్చిన ఆ మాట విని నాకు దుఃఖం ఆగలేదు.

చేయాల్సింది అంతా కాగితం మీద రాసిచ్చింది. మెత్తటి తిండి. చిన్న ముద్దలు, వేలి మందం దాటకూడదు. రోజుకు మూడుసార్లు వేడిగుడ్డ కాపడం. నెమ్మదిగా నోరు తెరిచి మూసే కసరత్తు. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి. నిద్రలో పళ్లు బిగించకుండా పళ్లకు తొడుక్కునే మెత్తటి తొడుగొకటి కొలత తీసి చేయించింది. "వైవా వరకు పూర్తిగా తగ్గుతుందని నేను చెప్పను. మాట్లాడేటట్టు మాత్రం ప్రయత్నం చేద్దాం" అంది.

ఆటోలో మేమిద్దరం పోట్లాడుకున్నాం. పోట్లాడింది నేనే.

"నొస్తే నొస్తాందని చెప్పొద్దా? నోరు లేదా నీకు? నేనేమన్న పులినా?"

ఆమె చెంప మీద చెయ్యి ఆనించుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మీరు ప్రేమతోటి ఇస్తరు ఆంటీ. మా దగ్గర ప్రేమతోటి ఇచ్చింది వద్దు అనరు. నేను ఇక్కడ ఒక్కదాన్ని. వద్దంటే మీరు మళ్ల పిలవరేమో అనుకున్న."

ఆటో చౌరస్తాలో ఆగింది. నేను పక్కకు తిరిగి చీరల దుకాణం వంక చూస్తూ కూర్చున్నాను. ఇంటి మనిషి అనుకున్నానని ఇందాక చెప్పాను కదా, అందులో ఉన్న తప్పు ఇదే. నేను అనుకున్నాను. ఆ పిల్ల అనుకోలేదు. రెండేళ్లూ తలుపు దగ్గర నిలబడ్డ చుట్టంలాగే, నా మొహం చూసి చూసి మసలుకుంది.

ఆ రెండు వారాలూ మా ఇల్లు బాలింత ఇల్లయింది. అంబలి, రాగిజావ, మెత్తగా ఉడికించిన కిచిడీ, పప్పు పిసికిన అన్నం. ముద్ద చిన్నగా చేయడం నాకు చేతకాలేదు. చెయ్యి దానంతటదే పెద్ద ముద్ద పట్టేది. చివరికి చెంచా ఆమె చేతికే ఇచ్చి, నా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. ఆవులింత వస్తే పిడికిలి పెట్టుకోవడం మా ఆయనకు కూడా అలవాటైపోయి, ఎదురింటాయన అడిగాడు, ఎప్పుడు చూసినా ఏం ఆలోచిస్తున్నావని.

పది నిమిషాలు మాట్లాడి, ఐదు నిమిషాలు ఆగమని డాక్టరమ్మ చెప్పింది. అందుకని మా ముందుగదిలోనే రోజూ వైవా. మా ఆయన ప్రొఫెసర్. ఆయనకు ఇంగ్లీషూ రాదు, బూజు గురించీ తెలియదు. అయినా కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని, పాత అలవాటుకొద్దీ, "ఆఁ, ఎక్కడ ఎక్కినవ్, ఎక్కడ దిగుతవ్? గది చెప్పు ముందు" అనేవాడు. ఆ ప్రశ్న బాగుందని పిల్ల అనేది. తన చదువు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో రెండు ముక్కల్లో చెప్పడం అలాగే నేర్చుకుంది. నేను పొయ్యి దగ్గరనుంచి గడియారం చూస్తూ, పది నిమిషాలు కాగానే గరిటెతో గిన్నె మీద కొట్టేదాన్ని.

సకినాల మాటేమిటంటారా? పెళ్లివాళ్లు ఆగరు కదా. చేతికి దొరికిన ఒక సకినాన్ని కోపంతో చెవి దగ్గరే పుటుక్కున విరిచాను. కర్రుమంది. ఇంకొకటి విరిచాను. తుస్సుమంది. రెండు వేళ్లతో విరిస్తే చాలు, అంతా తెలిసిపోతోంది. ముప్పై ఏళ్లలో ఈ ముక్క నా బుర్రకు తట్టనే లేదు. ఆ పిల్ల దవడతో అసలు పనే లేదని తెలిసి, ఆ పీటను తీసి అటక మీద పెట్టేశాను. ఆ రోజు ఒక వాయి మాడిపోయింది.

వైవా నాటికి నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంది. నొప్పి ఉంది, కానీ మునుపటంత లేదు. హాల్లో చివరి వరుసలో నేనూ మా ఆయనా కూర్చున్నాం. పిల్ల వాళ్ల దేశపు తెల్లటి బట్టలు కట్టుకుని నిలబడింది. మొదటి పది నిమిషాలు బాగా చెప్పింది. ఆగి, నీళ్లు తాగింది. మళ్లీ చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నేను ఆమె చెంపనే చూస్తున్నాను. నలభై నిమిషాలప్పుడు బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ మధ్యలో ఆపి ఏదో పెద్ద ప్రశ్న వేశాడు. ఆమె చెయ్యి కుడిచెంప మీదికి పోయింది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్లీ తెరిచింది. నేను నా కట్టుడు పళ్లు ఎంతగా బిగించానంటే అవి చిగుళ్లలోకి దిగాయి. అప్పుడామె చెయ్యి పైకెత్తి, "ఒక్క నిమిషం సార్, నాకు దవడ నొప్పి ఉంది, కొంచెం ఆగి చెప్తాను" అని ఇంగ్లీషులో అంది. మా ఆయనే నా చెవిలో అర్థం చెప్పాడు, ఆయనకు కూడా అంతవరకు అర్థమైంది. ఆ ప్రొఫెసర్ తన ముందున్న నీళ్ల సీసా ఆమె వైపు జరిపి, తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె నింపాదిగా నీళ్లు తాగి, నిమిషం కాదు, రెండు నిమిషాలు తీసుకుని, జవాబు చెప్పింది.

పాసైందని చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన లేచి నిలబడి ఈల వేశాడు, బస్సు కదలడానికి వేసినట్టు. నేను ముందుకు ఉరికాను. టేబుల్ మీద చాయ్‌తో పాటు లడ్డూలు పెట్టారు. సంతోషంలో డాక్టరమ్మ కాగితం, చెంచా, వేలి మందం ఏవీ గుర్తురాలేదు. ఒక లడ్డూ నిండుగా తీసుకుని, అందరూ చూస్తుండగా ఆమె నోటి దగ్గర పెట్టి, "పెద్దగ తెరువు బిడ్డా" అన్నాను.

ఆమె పెదాలు మూసుకుంది. నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది.

"వద్దు ఆంటీ. నొస్తది."

ప్రొఫెసర్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నా మొహం మాడిపోయింది, అబద్ధం ఎందుకు. ఇంతమందిలో కాదంటుందా అని ఒక్క క్షణం గుండె కలుక్కుమంది కూడా. ఆమె నా చెయ్యి వదల్లేదు, నా మొహంలో ఏముందోనని భయంగా వెతకనూ లేదు. ఎప్పుడు తగ్గుతుంది నీకీ పిచ్చి అన్నట్టు, కాస్త విసుగ్గా చూస్తోంది. మా ఇంటికి వచ్చే చుట్టాలెవరూ నాకు వద్దని చెప్పరు, మొహమాటానికి అన్నీ తింటారు. నేను కన్న ఇద్దరు మాత్రం పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, వద్దంటే వినబడదా అని గసురుతారు. అచ్చం అలాగే చూసింది.

"సరే తియ్, నేనే తింట" అని ఆ లడ్డూ అంతా నా నోట్లో పెట్టుకున్నాను. మాట్లాడటానికి వీల్లేకపోవడం ఆ సమయంలో మంచిదే అయింది.